రెండు వేల పాయింట్ల దండయాత్ర

పూర్వం రాజుగారు దండయాత్రకు బయలుదేరితే వెనకాల ఏనుగులు, గుర్రాలు, వంటవాళ్లు, వైద్యులు, దారిపొడుగునా పొగడటానికి భట్రాజులు నడిచేవారు. ఖర్చు ఖజానాది. గెలిస్తే శాసనం చెక్కించేవారు, ఓడితే చెక్కించేవారు కాదు, అంతే తేడా. మా దండయాత్ర అలా కుదరదు. టికెట్టు మేమే కొనుక్కోవాలి, సెలవు మేమే అడుక్కోవాలి, సైన్యం మొత్తాన్నీ విమానం వాళ్లు ఒప్పుకునే ఏడు కిలోల చేతిసంచిలో సర్దుకుని మేమే మోసుకోవాలి. దారిలో సేనాపతి చెయ్యి విరిగితే జిగురు పెట్టి అతికించే రాజవైద్యుడి పదవి కూడా మాదే.

మేమంటే, బల్ల మీద బొమ్మలతో యుద్ధాలు చేసే పెద్దవాళ్లం. వయసులో పెద్దవాళ్లం అని నా ఉద్దేశం. నేను దోహాలో ఒక నిర్మాణ సంస్థలో క్వాంటిటీ సర్వేయర్‌ని. ఎంత కాంక్రీటు పోశారు, ఎంత ఇనుము కట్టారు, బిల్లులో ఎంత రాశారు అని పగలంతా లెక్క చూస్తాను. రాత్రి భోజనమయ్యాక భూతద్దం తగిలించుకుని, నాలుగు వెంట్రుకల కుంచెతో, బొటనవేలంత రాక్షసుడి కోరలకు రంగు వేస్తాను.

మా అత్తగారు ఏటా చలికాలంలో తెనాలి నుంచి వచ్చి కొన్నాళ్లు మా దగ్గర ఉంటారు. మొదటిసారి నా రంగుల బల్ల చూసినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. అల్లుడి ముఖాన ఏమీ అనకపోవడం మా వైపు మర్యాద. కూతుర్ని వంటింట్లోకి పిలిచి, "ఆఫీసులో అంతా సవ్యంగానే ఉందిటే?" అని అడిగారట. ఇప్పుడు అలవాటు పడ్డారు. "అల్లుడుగారూ, ఆ కోరలకు పసుపు కాస్త తగ్గించండి. పాపం, పుట్టినప్పటి నుంచీ పళ్లు తోముకోనట్టున్నాడు" అని సలహాలు కూడా ఇస్తున్నారు. సలహా మంచిదే. తగ్గించాను.

నిజానికి బల్ల యుద్ధం మనకు కొత్తది కాదు. పులిజూదం ఉంది కదా. అరుగు మీద సుద్దగీతలు, చింతగింజలు మూడు పులులు, గులకరాళ్లు పదిహేను మేకలు. మేకలన్నీ కలిసి పులుల్ని కదలనివ్వకుండా కట్టేస్తే ఆట కట్టు. సైన్యం ఖర్చు సున్నా. ఓడిపోయిన సేనాపతి లేచి చొక్కా దులుపుకుంటే ఇంటికి పది అడుగులు. ఇంత చవకైన యుద్ధాన్ని దొరలు ఖరీదు చేశారు. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు 1824లో పటం మీద దిమ్మలు జరుపుతూ ఆడే యుద్ధక్రీడకు నియమాలు అచ్చువేస్తే, అక్కడి జనరళ్లు దాన్ని అధికారుల శిక్షణలో చేర్చేశారు. 1913లో హెచ్.జి.వెల్స్ 'లిటిల్ వార్స్' రాశాడు. టైమ్ మెషీన్‌ను ఊహించిన మహానుభావుడు నేల మీద బోర్లా పడుకుని, స్ప్రింగు ఫిరంగితో సీసపు సిపాయిల్ని ఎలా పడగొట్టాలో పుస్తకం రాశాడంటే మావాళ్లకు ఎంత గౌరవం! మా ఆవిడకు ఈ సంగతి చాలాసార్లు చెప్పాను. "ఆయన పుస్తకం అమ్మితే డబ్బులొచ్చాయి" అంటుంది.

ఆ తర్వాత ఇంగ్లండులో 1983లో వార్‌హామర్, 1987లో దాని అంతరిక్ష రూపం వార్‌హామర్ 40,000 వచ్చాయి. నేను పడింది ఈ రెండోదాంట్లో. నా సైన్యం ఓర్క్‌లది. పచ్చటి ఒళ్లు, కింది దవడ నుంచి పైకి పొడుచుకొచ్చిన కోరలు, చేతిలో ఇనప సామాన్ల కొట్లో ఏరుకున్నట్టుండే ఆయుధాలు. బండికి ఎర్రరంగు వేస్తే ఇంకా వేగంగా పోతుందని వాళ్ల గట్టి నమ్మకం. ఆట కథ ప్రకారం నిజంగానే పోతుంది, వాళ్లు నమ్మారు కనక. ఆ ఒక్క ముక్క చదివే నేను ఓర్క్‌ల పక్షం చేరాను. మన ఆటో డ్రైవర్లలో సగంమంది ఓర్క్‌లే అని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం.

ఒక్కో బొమ్మకు ఇన్నేసి పాయింట్లని ఉంటుంది. పోటీల్లో మామూలుగా చెరి రెండు వేల పాయింట్ల సైన్యం దించుతారు. 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు ఉన్న యుద్ధభూమి. దాని మీద కూలిన గోడలు, పడిపోయిన గోపురాలు. టేపుతో కొలిచి బొమ్మను జరపడం, గుప్పెడు పాచికలు విసరడం, ఎవరు చచ్చారో లెక్క కట్టడం. ఒక్కో యుద్ధం మూడు గంటలు. ఇక నా బొమ్మకు నీ బొమ్మ కనపడుతోందా, గోడ అడ్డమా అనే తగాదా వచ్చిందనుకోండి, అప్పుడు చూడాలి మమ్మల్ని. బట్టతల వచ్చిన ఇద్దరు మనుషులు బల్ల పక్కన గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసుకుని, ప్లాస్టిక్ రాక్షసుడి చూపుతో లోకాన్ని చూస్తుంటారు. అన్నట్టు, ఇప్పటి నియమాల్లో సైన్యానికి శుభ్రంగా రంగు వేసుకొస్తే 10 పాయింట్లు ఉచితం. చాలా పోటీల్లో నాకు నికరంగా దక్కేవి అవే.

ఇదంతా ఇంట్లో కూర్చుని ఆడుకోవచ్చు కదా అంటారు. ఎవరితో? దోహాలో మా ఆట ఆడేవాళ్లు ఒక టాక్సీకి ఎక్కువ, ఒక బస్సుకు తక్కువ. అందరూ నాలాంటి వలస పక్షులే. ఒకతని ఎత్తులన్నీ మనం కనిపెట్టి, ఈ శుక్రవారం వీడి పని పడదాం అనుకునేసరికి అతని ఉద్యోగ ఒప్పందం అయిపోతుంది, సైన్యంతో సహా దేశం దాటేస్తాడు. కొత్త శత్రువులు కావాలంటే ప్రయాణం తప్పదు. దగ్గర్లో దుబాయ్ ఉంది. విమానంలో గంటా పావు. కారులో అబూ సమ్రా దగ్గర సరిహద్దు దాటి, సౌదీ ఎడారి అంచు తొక్కుకుంటూ వెళ్తే ఏడు గంటలు. తెనాలి నుంచి తిరుపతి వెళ్లొచ్చినంత పని. అంత దగ్గర.

2017 జూన్ 5 దాకా.

ఆ రోజు సౌదీ అరేబియా, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఉన్న ఒక్క భూసరిహద్దూ మూసేశారు. దుబాయ్‌కి నేరు విమానాలు ఆగిపోయాయి. వెళ్లదలిస్తే మస్కట్ మీదుగానో కువైట్ మీదుగానో చుట్టుతిరిగి వెళ్లాలి. సూపర్ మార్కెట్లలో పాలు సౌదీవి కనక అవీ ఆగాయి. అందుకని ఆ వేసవిలోనే పాడి ఆవుల్ని విమానాల్లో ఎక్కించి దోహాలో దించారు. ఆవులు నేరుగా వచ్చాయి. నేను మాత్రం పక్క ఊరికి ఒమన్ మీదుగా వెళ్లాలి. 2021 జనవరిలో అల్ ఉలాలో రాజీ కుదిరేదాకా ఇదే వరస.

తెలివైనవాడెవడూ ఆ రోజుల్లో బొమ్మలాటకు దుబాయ్ వెళ్లడు. 2018 వసంతంలో నేను వెళ్లాను.

ముందు ఎగ్జిట్ పర్మిట్. అప్పట్లో ఖతర్ దాటాలంటే కంపెనీ ఒప్పుకోవాలి. అదే ఏడాది అక్టోబరులో చాలామంది ఉద్యోగులకు, 2020 జనవరిలో మిగతావాళ్లలో ఎక్కువమందికి ఆ నిబంధన తీసేశారు గానీ, నా యుద్ధం అక్టోబరు దాకా ఆగలేదు. మా మేనేజరు చాలా మంచాయన, చాలా నిదానస్తుడు, ప్రతిదీ కారణం అడిగే రకం. కారణం దగ్గర ఏం రాయాలి? సరిహద్దులు మూసిన కాలంలో, శత్రుపక్షం వైపు దేశానికి, 'యుద్ధం' అని రాస్తే నన్ను పంపేది దుబాయ్‌కి కాదు. ఆలోచించి 'క్రీడా పోటీ' అని రాశాను.

"ఏం క్రీడ?" అన్నాడాయన కళ్లజోడు పైకి తోసుకుని.

"బల్ల మీద ఆడేది సార్."

"టేబుల్ టెన్నిసా?"

వెనకాల నలుగురు సంతకం కోసం నిలబడి ఉన్నారు. ఓర్క్‌ల చరిత్ర మొదలుపెట్టే సమయం కాదది. "ఆ కోవదే సార్" అన్నాను. ఆయన సంతకం చేసి, లేచి నిలబడి చేయి కలిపి, "కంపెనీ పేరు నిలబెట్టు" అన్నాడు.

ఈ కరచాలనం ఫలితం తర్వాత తెలిసింది. ఖతర్‌లో ఏటా ఫిబ్రవరి రెండో మంగళవారం జాతీయ క్రీడా దినం. 2012 నుంచీ ఆ రోజు దేశమంతా సెలవు, ఆఫీసులన్నీ ఉద్యోగుల్ని మైదానాల్లోకి తోలుతాయి. మరుసటి ఫిబ్రవరిలో నోటీసు బోర్డు మీద టేబుల్ టెన్నిస్ జట్టు కెప్టెన్‌గా నా పేరు, పక్కనే బ్రాకెట్లో 'అంతర్జాతీయ అనుభవం'. అవతలి కంపెనీ తరఫున ఒక చైనా ఇంజనీరు దిగాడు. ఆ ఆట గురించి ఇక్కడ రాయను. బంతి నాకు కనపడలేదని మాత్రం చెబుతాను, మధ్యలో గోడేమీ లేకపోయినా.

సరే, దండయాత్రలోకి వద్దాం. సైన్యం సర్దుకోవడం ఒక శాస్త్రం. మెత్తటి స్పాంజిలో ఒక్కో ఓర్క్‌కు ఒక్కో గుంట కోసి, కోరలు పైకి వచ్చేలా పడుకోబెట్టాలి. కొందరు మొనగాళ్లు బొమ్మల పాదాల కింద అయస్కాంతాలు అతికించి ఇనపరేకు పెట్టెలో నిలబెట్టే తీసుకెళ్తారు. రిపేరు సామాన్లది ఇంకో తంటా. చెక్కే కత్తి చేతిసంచిలో పనికిరాదు. రంగు స్ప్రే డబ్బా లగేజీలో కూడా పనికిరాదు, అంటుకునే సరుకు. సీసాల్లోవి ఏవైనా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. నా రంగు సీసాలు అంతకన్నా చాలా చిన్నవే గానీ, పారదర్శకమైన సంచిలో ఆకుపచ్చ, నెత్తుటి ఎరుపు, తుప్పు రంగు వరసగా పెట్టుకుని క్యూలో నిలబడ్డ మధ్యవయస్కుణ్ణి చూసి ముందున్న ఆవిడ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది.

దారిలో ఒక ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే యంత్రం ఆగింది. తెర మీద ఏముందో నాకూ కనిపించింది. వరసలు వరసలుగా చిన్న చిన్న మనుషులు, అందరి చేతుల్లోనూ తుపాకులు. అధికారి పెట్టె తెరవమన్నాడు. తెరిచాను. కాసేపు చూశాడు.

"పిల్లలకా?"

అవునంటే అయిపోయేది. కానీ ఇన్ని రాత్రులు కళ్లు పోగొట్టుకుని రంగులు వేసింది నేను. "కాదు సార్, నాకే."

ఆయన ఇంకో ఇద్దర్ని పిలిచాడు. అనుమానంతో కాదు, చూపించడానికి. ముగ్గురూ వంగి చూశారు. ఒకాయన మా సేనాపతిని, అదే అన్నిటికన్నా పెద్ద ఓర్క్‌ని, రెండు వేళ్లతో జాగ్రత్తగా బయటికి తీసి వెలుతురులో తిప్పి, "ఇతను గెలుస్తాడా?" అని అడిగాడు.

"ఇంతవరకూ లేదు."

"ఇన్షా అల్లా" అని ఆయన సేనాపతిని గుంటలో పడుకోబెట్టి, పైన స్పాంజి కప్పాడు. నా ఆట గురించి అంత సానుభూతిగా మాట్లాడినవాళ్లు మా బంధువుల్లో లేరు.

పోటీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇలాంటివాటిలో సాధారణంగా రెండు రోజుల్లో ఐదు యుద్ధాలుంటాయి. మొదటిదాంట్లో నాకు తగిలినవాడు దంతవైద్యుడు. వాడి సైనికుల కంటిపాపల్లో వెలుగు చుక్క కూడా ఉంది. సన్న పనికి అలవాటుపడ్డ చెయ్యి, బొమ్మను జరుపుతుంటే కొలతలో వెంట్రుకవాసి తేడా రాదు. రెండో వంతు పూర్తయ్యేసరికి నా ఓర్క్‌లు పెట్టెలోకి తిరిగి వెళ్లిపోతున్నారు. నా సేనాపతి కోరల వంక చూసి, "చిగుళ్ల జబ్బు" అన్నాడు. మిగతా యుద్ధాలు కూడా ఇంత తొందరగా కాకపోయినా ఇదే దారిలో నడిచాయి.

కానీ మధ్యాహ్నం బిర్యానీ దగ్గర ఒకటి గమనించాను. అక్కడ ఎవరూ ఎవరి గెలుపు గురించీ మాట్లాడటం లేదు. మాట్లాడుతున్నదల్లా ప్రయాణాల గురించే. రియాద్ నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చినతను ఒంటెల గుంపు అడ్డం రావడం గురించి చెబుతున్నాడు. ఒకాయన సైన్యం పొరపాటున వేరే దేశం వెళ్లిపోతే, దాని వెనక తాను రెండు విమానాలు మారాడు. ఎవరు ఎంత కష్టపడి వచ్చారన్నదే అక్కడ అసలు ర్యాంకు. గంటా పావు దూరానికి దేశం చుట్టి వచ్చానని నేను చెప్పగానే బల్ల నిశ్శబ్దమైపోయింది. దంతవైద్యుడు తన ప్లేటులోని కోడికాలు నా ప్లేటులో వేశాడు. మస్కట్ నుంచి వచ్చిన కుర్రాడొకడు మాత్రం నొచ్చుకున్నాడు. "మా ఊరి మీంచే వచ్చారా! చెబితే నా కారులో ఎక్కించుకునేవాణ్ణి కదండీ."

ఈ ఆటలో యుద్ధం మూడు గంటలే. దండయాత్రే నెలలు పడుతుంది. పాచికలు ఎలా పడ్డా, ఇంట్లోంచి బయటపడి, అనుమతులు దాటి, కోరలు విరగకుండా అవతలి బల్ల దాకా చేరినవాడు సగం గెలిచినట్టే అని నేను ఆ బిర్యానీ దగ్గరే తేల్చుకున్నాను. స్కోరు పట్టికలు రాసేవాళ్లు ఈ సిద్ధాంతాన్ని ఇంకా ఒప్పుకోలేదు.

ఇలా బయటికి పోయే పిచ్చివాళ్లం మేమైతే, దోహాకు వచ్చే పిచ్చివాళ్లు వేరే ఉన్నారు. వాళ్లది చదరంగం. బల్ల మీది యుద్ధాల్లో కులీన వంశం. 2006 డిసెంబరులో దోహా ఆసియా క్రీడల్లో మొదటిసారి చదరంగం పెట్టారు. మన కోనేరు హంపి మహిళల వ్యక్తిగత పోటీలో బంగారం, గుంటూరు హరికృష్ణ, చెన్నై శశికిరణ్‌లతో కలిసి జట్టు పోటీలో ఇంకో బంగారం పట్టుకెళ్లింది. 2014లో ఖతర్ మాస్టర్స్ మొదలైంది. చైనా కుర్రాడు యు యాంగీ గెలిచాడు. మరుసటేడు మాగ్నస్ కార్ల్‌సన్ అదే కుర్రాణ్ణి టైబ్రేక్‌లో ఓడించి గెలిచాడు. 2016లో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలు ఇక్కడే. ర్యాపిడ్ గెలిచిన ఇవాన్‌చుక్ బహుమతి ప్రదానానికి పిలుస్తుంటే కదలడే! పక్కన జొబావాతో డ్రాఫ్ట్స్ ఆటలో మునిగిపోయి ఉన్నాడు. ప్రపంచ విజేత అయ్యానన్న సంగతి కన్నా ముందున్న గళ్లు ముఖ్యం. ఆ వీడియోను నేను మా ఆవిడకు చూపించాను, లోకంలో నాకన్నా ముదిరినవాళ్లు ఉన్నారని. ఆవిడ శ్రద్ధగా చూసి, "ఆయనకు బహుమతైనా వచ్చింది" అంది.

అందరూ వచ్చి ఆడి వెళ్తారు, ఒకావిడ తప్ప. చైనాకు చెందిన మాజీ మహిళా ప్రపంచ విజేత జు చెన్ ఖతర్ తొలి గ్రాండ్‌మాస్టర్ మహమ్మద్ అల్ మొదియాకీని పెళ్లి చేసుకుని, ఈ దేశం తరఫునే ఆడింది. బల్ల యుద్ధానికి దూరాలు వెళ్లినవాళ్లలో లాభసాటిగా తేలిన దండయాత్ర నాకు తెలిసి అదొక్కటే.

2025 డిసెంబరు చివరి వారంలో ఆ ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలు మళ్లీ దోహాకు వచ్చాయి. వాటితోపాటు హన్మకొండ నుంచి మా బావగారు కూడా వచ్చారు. మా అక్క భర్త, రిటైరైన లెక్కల లెక్చరర్. ఆడటానికి కాదు. చూడటానికి. ముఖ్యంగా వాళ్ల ఊరి కుర్రాడు ఎరిగైసి అర్జున్‌ని చూడటానికి. నాలుగు గంటలకు పైగా విమానంలో కూర్చుని, సకినాల డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చారు. ఇంట్లో అడుగుపెట్టగానే నా ఓర్క్‌ల పెట్టె చూశారు.

"ఏందయ్యా ఇది? చదరంగమాడేటోనికి ముప్పై రెండు పావులు వాళ్లే ఇస్తరు. నువ్వు సైన్యాన్ని మోసుకపోవుడేంది?"

"మీరు ఆడటానికి కూడా కాదు కదా బావగారూ, చూడటానికే ఇంత దూరం వచ్చారు."

"చూడబోయినోడు ఓడిపోడు గద" అన్నారాయన సకినం విరుస్తూ. లెక్కల మాస్టార్లతో వాదన పెట్టుకోకూడదు.

పోటీలు ఖతర్ యూనివర్సిటీ క్రీడా సముదాయంలో. మెట్రో రెడ్ లైన్‌లో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది. టికెట్టు 2 రియాళ్లు. దాన్ని రూపాయల్లోకి మార్చి, వరంగల్ బస్సు ఛార్జీతో పోల్చి, కిలోమీటరుకు ఎంత పడిందో తేల్చేసరికి స్టేషన్ వచ్చేసింది. హాలు ముందు బావగారు ఆగి, చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నారు. ఎందుకంటే, 2023 అక్టోబరులో లుసైల్‌లో జరిగిన ఖతర్ మాస్టర్స్‌లో కజకిస్థాన్ కుర్రాడు సులేమెనోవ్ చేతిలో ఓడిన కార్ల్‌సన్, ప్రత్యర్థి గడియారం పెట్టుకుని కూర్చోవడం వల్ల తన ధ్యాస చెదిరిందని చెప్పాడు. కార్ల్‌సన్ కూర్చునే చోటికి మేమున్న చోటు నుంచి క్రికెట్ పిచ్ అంత దూరం ఉంది. అయినా మన వల్ల మాట రాకూడదని బావగారి పట్టుదల.

లోపల వందలమంది ఒకేసారి ఆలోచిస్తున్నారు. ర్యాపిడ్‌లో ఆటగాడికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. బ్లిట్జ్‌లో 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు. ఎక్కడెక్కడి ఖండాల నుంచో ఎగిరొచ్చి మూడు నిమిషాల ఆట! మా మూడు గంటల యుద్ధాల మీద నాకు కొత్త గౌరవం కలిగింది, టికెట్టు గిట్టుబాటు దృష్ట్యా. గడియారాల మీద అరచేతుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని ఆ హాలులో ఇద్దరు తెలుగువాళ్లు ఒక పూట మాట్లాడకుండా కూర్చోవడం కూడా రికార్డుల్లోకి ఎక్కవలసిన విషయం. బావగారు మధ్యమధ్య నా మోచెయ్యి గిల్లేవారు. ఒక గిల్లు మంచి ఎత్తు, రెండు గిల్లులు ప్రమాదం. ఇంటికొచ్చి చూసుకుంటే చెయ్యంతా ఆటల చరిత్రే.

ర్యాపిడ్‌లో కార్ల్‌సన్ బంగారం గెలిచాడు, అర్జున్‌కు కాంస్యం. మహిళల ర్యాపిడ్‌లో హంపికి కాంస్యం. 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో అదే పోటీలో ప్రపంచ విజేత ఆవిడ. బ్లిట్జ్‌లో అర్జున్ కార్ల్‌సన్‌ను ఓడించినప్పుడు కార్ల్‌సన్ బల్ల మీద గట్టిగా గుద్దాడు. "బల్లను గుద్దితే ఏమొస్తది, బంట్లను కొట్టాలె గాని" అన్నారు బావగారు, బయటికొచ్చాక, కరక్ టీ ఊదుకుంటూ. ఆ పోటీలోనూ అర్జున్‌కు కాంస్యమే దక్కింది, కార్ల్‌సన్‌కు బంగారం.

ఆ టీ దగ్గరే రాష్ట్ర విభజన జరిగింది. హన్మకొండ అర్జున్‌వి రెండు కాంస్యాలు, గుడివాడలో పుట్టిన హంపిది ఒకటి. అంటే తెలంగాణకు రెండు, ఆంధ్రకు ఒకటి. కృష్ణా నీళ్లకన్నా సులువుగా తేలిపోయిందన్నారు బావగారు. నేను ఊరుకుంటానా? 2006లో ఇదే దోహాలో హంపి తెచ్చిన బంగారాలు బయటికి తీశాను. గుంటూరు హరికృష్ణను కూడా లెక్కలో వేశాను.

ఆయన టీ చివరి గుక్క తాగి, కప్పు కింద పెట్టి, "గప్పుడు ఉమ్మడి రాష్ట్రమాయె. అండ్ల మాకూ వాటా ఉన్నది" అన్నారు.

బావగారు ఖర్జూరాలతో వెళ్లిపోయారు. జనవరిలో నాకు మళ్లీ దుబాయ్ పిలుపు వచ్చింది. ఇప్పుడు నేరు విమానాలున్నాయి, ఎగ్జిట్ పర్మిట్ లేదు. మిగిలిన అడ్డంకి ఒక్కటే. ఎమిరేట్స్ వాళ్లు 2022 నుంచి వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చుకున్నారు. మాకింకా శుక్ర, శనివారాలే. ఆదివారం యుద్ధానికి సెలవు కావాలి. మా మేనేజరు ఈసారి కారణం అడగలేదు. క్రీడా దినం నాటి నా ఆట ఆయన కళ్లారా చూశాడు. "ప్రాక్టీసు మంచిదే" అని సంతకం పెట్టేశాడు. శుక్రవారం రాత్రి విమానం.

శుక్రవారం సాయంత్రం పెట్టె తెరిస్తే గుంటలన్నీ ఖాళీ.

హాల్లోకి పరిగెత్తాను. అత్తగారు భోగి నాడే బొమ్మల కొలువు పెట్టారు. నేను ఆఫీసు గొడవల్లో పడి సరిగ్గా చూడలేదు. పై మెట్టు మీద కలశం, దేవుళ్లు. మధ్య మెట్ల మీద పెళ్లిబృందం, కోమటి దంపతులు, కొండపల్లి అంబారీ ఏనుగు. కింది మెట్టంతా లంకాయుద్ధం. ఎడమవైపు తెల్లపొణికి చెక్క రామలక్ష్మణులు, హనుమంతుడు, ఒక చిన్న వానరసేన. కుడివైపు, వరసలు తీరి, కోరలు మెరిపిస్తూ, రెండు వేల పాయింట్ల నా ఓర్క్‌లు. సేనాపతికి నుదుట విభూతి. ఆయన కుంభకర్ణుడట. పేరంటానికి వచ్చిన తెలుగువాళ్లందరూ రాక్షసుల్ని తెగ మెచ్చుకున్నారని మా ఆవిడ చెప్పింది. నా సైన్యం గెలవకుండానే ప్రశంసలు పొందడం అదే మొదలు.

"అత్తయ్యగారూ, వీళ్లు రాత్రికి దుబాయ్ వెళ్లాలండీ."

"అయ్యో, ముక్కనుమ దాకా కొలువు కదపకూడదు అల్లుడుగారూ. రేపు సాయంత్రం హారతిచ్చి ఎత్తేస్తాగా."

"రేపు పొద్దున్నే మొదటి యుద్ధమండీ."

ఆవిడ నిజంగానే బాధపడ్డారు. కొలువు వంక చూశారు, నా ఖాళీ పెట్టె వంక చూశారు, కాసేపు ఆలోచించారు. ఆఖరికి వంగి, కింది మెట్టు ఎడమవైపు నుంచి హనుమంతుణ్ణి తీసి నా చేతిలో పెట్టారు.

"పోనీ వానరసేనను తీసుకెళ్లండి బాబూ. వీటిని కదిపిన దోషం నేను చూసుకుంటాలే. మీవాళ్లలా కాదు, వీళ్లు ఇంతవరకూ ఓడిపోలేదు."